డాక్టరు గారి చదువు ఎక్కడిదాకా? (సందేహాలు - సమాధానాలు)

ఈ నెల ఉత్తరాలు రాసినవాళ్లలో రైతు ఉన్నారు, నర్సు ఉన్నారు, మందుల షాపు నడిపేవారు ఉన్నారు, పీహెచ్‌సీ డాక్టరు ఉన్నారు. అడిగిన తీరు వేరైనా విషయం ఒకటే: వైద్యం చేసేవాళ్లు ఉద్యోగంలో చేరాక, బోర్డు కట్టాక, ఇంకా చదువుతున్నారా? చదవాలా? ఎలా?

మాకు దగ్గర్లో ఒక డాక్టరు గారు ముప్పై అయిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారు. హస్తవాసి మంచిదని పేరు. మా అబ్బాయేమో "ఆయనది పాత చదువు నాన్నా, గుంటూరు పోదాం" అంటాడు. డాక్టర్లు డిగ్రీ పుచ్చుకున్నాక మళ్లీ చదవాలన్న రూలేమైనా ఉందా? ఎవరైనా పరీక్ష పెడతారా?
— ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

రూలుంది, పరీక్ష లేదు. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ అయిదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్య కార్యక్రమాలకు హాజరు కావాలి. డాక్టర్లు దీన్నే సీఎంఈ అంటారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ ఈ గంటల లెక్క అడుగుతుంది. భారత వైద్య మండలి పోయి జాతీయ మెడికల్ కమిషన్ వచ్చింది. అది 2023 ఆగస్టు 2న కొత్త నియమావళి విడుదల చేసి, మూడు వారాలకే, ఆగస్టు 23న, పక్కన పెట్టింది. కనుక పాత నియమాలే నడుస్తున్నాయి.

అయిదేళ్లకు 30 గంటలంటే నెలకు అరగంట. మిర్చి యార్డులో మీ బస్తాలు కాటాకెక్కేదాకా మీరు నిలబడే సమయం అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా ఆ 30 గంటలూ హాజరు లెక్కే. హాలులో కూర్చున్నారా లేదా అని చూస్తారు గాని, ఏం నేర్చుకున్నారని అడిగేవారు లేరు. బ్రిటన్‌లో 2012 డిసెంబరు నుంచి డాక్టర్లకు ఏటా సమీక్ష జరుగుతోంది, అయిదేళ్లకోసారి లైసెన్సును ఖాయం చేస్తున్నారు. ఆ సమీక్షలో తోటి సిబ్బంది, రోగులు చెప్పిన మాటలు కూడా చూస్తారు. మనకు అలాంటిది లేదు.

ఇక అనుభవం సంగతి. అనుభవం పెరిగేకొద్దీ వైద్యం మెరుగవుతుందని మనందరి నమ్మకం. దీని మీద వచ్చిన 62 పరిశీలనలను అమెరికా పరిశోధకులు కలిపి చూసి 2005లో ప్రచురించారు. వాటిలో సగానికి పైగా చెప్పింది తలకిందులుగా ఉంది: ప్రాక్టీసులో ఏళ్లు గడిచినకొద్దీ ప్రమాణాలకు తగిన వైద్యం తగ్గుతోంది. పెద్ద డాక్టర్లందరూ వెనకబడ్డారని దీని అర్థం కాదు. చదవడం మానేసినవాళ్లు వెనకబడతారు, అంతే.

మీ డాక్టరు గారు ఏ కోవకు చెందుతారో తెలుసుకోవడానికి మీకు వైద్యం తెలియనక్కర్లేదు. రాసిన మందు పేరు, అది దేనికి, ఎన్నాళ్లు వాడాలి అని అడిగితే విసుక్కోకుండా చెబుతారా? తన చేతిలో లేని కేసును ఆలస్యం చేయకుండా పైఆస్పత్రికి పంపుతారా? వచ్చిన ప్రతి జ్వరానికీ సెలైను ఎక్కిస్తారా? పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వరాదని కేంద్రం నిషేధించింది 2011లో. ఇవాళ్టికీ మీ మనవడికి జ్వరమొస్తే అది రాస్తున్నారంటే మీ అబ్బాయి మాట వినండి.

నేను పీహెచ్‌సీలో వైద్యాధికారిని, ఎంబీబీఎస్ అయి రెండేళ్లయింది. పత్తి, మిరప సీజన్లో మందు తాగిన కేసులు, మందు కొడుతూ పడిపోయిన కేసులు వస్తాయి. అట్రోపిన్ రెండు ఆంపుల్స్ ఇచ్చి గుంటూరు జీజీహెచ్‌కు పంపడం ఇక్కడి అలవాటు. సీనియర్లు అదే నేర్పారు. సరైనదేనా? ఇలాంటివి నేర్పే సీఎంఈ ఒక్కటీ కనబడదు.
— బాపట్ల జిల్లా

మీ ప్రశ్నలోనే ఈ శీర్షిక మొత్తానికి జవాబుంది డాక్టర్ గారూ. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

వరంగల్ జిల్లా ప్రభుత్వాస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషంతో చేరినవాళ్ల రికార్డులు తిరగేసి 2005లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. ఆ ఆరేళ్లలో ఎనిమిది వేల మందికి పైగా చేరారు. వందకు 22 మందికి పైగా చనిపోయారు. 2002లో, ఏ మందు తాగారో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ వల్లే. అందులో మనల్ని ఆపి ఆలోచింపజేయాల్సిన వాక్యం ఇంకొకటుంది: విరుగుళ్లయిన అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్‌లను చాలామందికి తక్కువ మోతాదులో, అందరికీ ఒకే కొలతగా ఇచ్చారు. మీరు చెప్పిన రెండు ఆంపుల్స్ అలవాటు ఆ కాలం నుంచి వస్తున్నదే.

ఇప్పటి పద్ధతి వేరు. ఆర్గానోఫాస్ఫేట్ విషమని లక్షణాలు చెబుతుంటే (కనుపాప గుండుసూది మొనలా, నోటినిండా చొంగ, ఛాతీలో గురగుర, చెమట, నెమ్మదించిన నాడి) పెద్దవారికి మొదటి దఫా 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు ఇస్తారు. మన 0.6 మి.గ్రా. ఆంపుల్స్ లెక్కన మూడు నుంచి అయిదు. అయిదు నిమిషాలాగి చూస్తారు. మార్పు లేకపోతే రెట్టింపు, మళ్లీ అయిదు నిమిషాలకు దానికి రెట్టింపు. ఛాతీ శుభ్రపడాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంక పొడిబారాలి. అక్కడ ఆపి, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో గంటకు పది నుంచి ఇరవై శాతం చొప్పున డ్రిప్పులో ఎక్కిస్తారు. జ్వరం, కలవరింత, పేగుల చప్పుడు లేకపోవడం కనబడితే అట్రోపిన్ ఎక్కువైందని గుర్తు. ఆపి, తగ్గించి మొదలెడతారు. బంగ్లాదేశ్‌లో ఈ పద్ధతినీ పాత పద్ధతినీ పోల్చి చూసి 2012లో ఫలితాలు ప్రచురించారు. పాత పద్ధతిలో వందకు 22 మంది పోతే, కొత్త పద్ధతిలో 8 మంది పోయారు. కొత్త మందేమీ లేదు, ఖరీదైన యంత్రం లేదు. అదే అట్రోపిన్, ఇచ్చే తీరు మారింది.

పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజక్షన్ విషయంలో మాత్రం వాదం తెగలేదు. మహారాష్ట్రలోని బారామతిలో ఎక్కువ మోతాదును ఆపకుండా ఎక్కిస్తే మేలు జరిగిందని 2006లో తేలింది. శ్రీలంకలో చేసి 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఏ మేలూ కనబడలేదు. అది దొరకలేదని అట్రోపిన్ ఆలస్యం చేయడం, గొట్టం వేసి పొట్ట కడగడంలో విలువైన మొదటి పావుగంట పోగొట్టడం, ఈ రెండూ మానండి. ముందు శ్వాస, ఆక్సిజన్, అట్రోపిన్. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఎంత ఇచ్చారో, ఏ గంటకు ఇచ్చారో చీటీ మీద రాసి పంపండి. మోతాదుల విషయంలో ఈ పత్రిక కాగితం మీద ఆధారపడకుండా మీ జిల్లా ఆస్పత్రి ఫిజీషియన్‌తో ఒకసారి కూర్చుని, మీ పీహెచ్‌సీకి ఒక పేజీ పద్ధతి రాయించుకుని గోడకు అంటించండి.

ఇలాంటివి నేర్పే సీఎంఈ కనబడదన్నారు. నిజమే. స్టెంట్ల మీద, రోబోటిక్ సర్జరీ మీద బోలెడు. పురుగుమందు మీద, పాముకాటు మీద తక్కువ. వాటి వైద్యాన్ని అమ్ముకునే కంపెనీ ఏదీ లేదు గదా.

స్టాఫ్‌నర్సుగా పదకొండేళ్లుగా చేస్తున్నాను. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు గంటలు చూపించాలంటున్నారు. నైట్ డ్యూటీలు చేసి సెలవు రోజున క్లాసులకు పోవడం మావల్ల అవుతుందా? డాక్టరు చెప్పింది చేసే మాకెందుకివి?
— ఒంగోలు

భారత నర్సింగ్ మండలి అయిదేళ్లకు 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య ఉండాలంటోంది. డాక్టరుకు 30, నర్సుకు 150! మీకు కోపం రావడంలో తప్పులేదు. క్లాసుకు వెళ్లిన రోజును డ్యూటీగా లెక్కించాలని మీ ఆస్పత్రి యాజమాన్యాన్ని అడగండి, ఒక్కరుగా కాదు, అందరూ కలిసి. గంటల నిబంధన పెట్టినవాళ్లు సమయం ఎవరిస్తారన్న సంగతి కూడా తేల్చి ఉండాల్సింది.

కానీ "డాక్టరు చెప్పింది చేసే మాకెందుకు" అన్న మాట మాత్రం ఒప్పుకోలేనమ్మా. పైన రాసిన మందు తాగిన రోగినే తీసుకోండి. రెండో రోజు లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు, ఇంటివాళ్లు డిశ్చార్జి చేయమంటారు. విషం తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ, భుజాలు, ఊపిరి పీల్చే కండరాలు చచ్చుబడతాయి. డాక్టరు ఉదయం రౌండ్స్‌కు వచ్చి వెళ్లిపోయాక రాత్రి రెండు గంటలకు మొదలవుతుందది. "బాబూ, దిండు మీంచి తల ఎత్తు" అని ప్రతి కొన్ని గంటలకూ అడిగే నర్సు ఉంటే ముందే తెలుస్తుంది, వెంటిలేటరుకు వేళ దొరుకుతుంది. తల ఎత్తలేకపోవడమే మొదటి గుర్తు. ఆ సంగతి మీకెవరూ చెప్పి ఉండకపోతే అది మీ తప్పు కాదు, చెప్పించుకోండి. మీ 150 గంటల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి.

మందుల షాపు నడుపుతున్నాను, నాకు బి.ఫార్మసీ ఉంది. మాకు కూడా ఇలాంటి చదువు ఉందా?
— నరసరావుపేట

ఉంది. ఫార్మసీ ప్రాక్టీస్ నియమాలు, 2015 ప్రకారం అయిదేళ్లలో కనీసం రెండు, ఒక్కోటి కనీసం ఒక రోజు చొప్పున, రిఫ్రెషర్ కోర్సులకు హాజరు కావాలి. ఇక రోజూ చదువుకోవాల్సింది మీ అరల్లోనే ఉంది. 2014 మార్చి 1 నుంచి హెచ్1 షెడ్యూలు మందుల అమ్మకాలను విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. షాపులో కౌంటరు దగ్గర నిలబడే కుర్రాడికి ఈ సంగతి తెలుసా? సర్టిఫికెట్ గోడ మీద మీది, మందు చేతికిచ్చేది అతను.

నేను ఆర్‌ఎంపీని. ఇరవై ఊళ్లలో నాకు మంచి పేరుంది, అర్ధరాత్రి పిలిచినా పోతాను. మమ్మల్ని దొంగ డాక్టర్లంటారు, ట్రైనింగ్ ఇమ్మంటే ఇవ్వరు. మేం చదువుకోవడానికి దారేది?
— ఇంకొల్లు ప్రాంతం

మీరు అర్ధరాత్రి పోతారన్నది నిజం. ఆ ఊళ్లో ఆ వేళకు ఇంకెవరూ పోరన్నది కూడా నిజం. చట్టం మాత్రం మీ పక్షాన లేదు. జాతీయ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఆధునిక వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, లేదా అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది దాచి మీకు తీయటి మాటలు చెప్పలేను.

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో మీవంటివాళ్లకు కమ్యూనిటీ పారామెడిక్‌లుగా శిక్షణ మొదలైంది. అది మిమ్మల్ని డాక్టర్లుగా చేయడానికి కాదు, ప్రథమ చికిత్స చేసి పైకి పంపేవాళ్లుగా చేయడానికి. అలాంటి శిక్షణ పనిచేస్తుందా అని పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో పరీక్షించారు. తొమ్మిది నెలలు, 150 గంటలు నేర్పారు. తర్వాత, నేర్చుకున్నవాళ్ల దగ్గరికీ నేర్చుకోనివాళ్ల దగ్గరికీ, ఎవరు ఏ కోవో తెలియని మనుషులను రోగుల వేషంలో పంపారు. 2016లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు జబ్బును సరిగ్గా చూసుకోవడం కొంత పెరిగింది. కానీ అనవసరపు మందులు, యాంటీబయాటిక్‌లు రాయడం ఏమాత్రం తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో మీకు నేను చెప్పాలా? మీ ఆదాయం సూదిలో, సెలైనులో, మందుల్లో ఉంది. మాటకు, సలహాకు ఎవరూ రూపాయి ఇవ్వరు. తెలియకపోవడం వల్ల చేసేదాన్ని చదువు మాన్పిస్తుంది. బతకడానికి చేసేదాన్ని చదువొక్కటే మాన్పించలేదు.

కనుక నా సలహా చిన్నది. పాముకాటుకు కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు కదలనీయకుండా 108కు అప్పగించడం. స్పృహ తప్పినవాడికి ఉప్పునీళ్లు పట్టించకపోవడం. పురుగుమందు తాగితే ఆ డబ్బాను రోగితోపాటు పంపడం. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్షకు పంపడం. ఈ నాలుగూ నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ పీహెచ్‌సీ డాక్టరు కాదనరు. సూదిని మాత్రం కింద పెట్టండి.

మందుల కంపెనీ ఖర్చుతో హోటల్లో జరిగే సీఎంఈకి పోవచ్చా? పోకపోతే గంటలు రావు, పోతే మనసొప్పదు. మా బ్యాచ్‌మేట్లు నన్ను చాదస్తుడంటున్నారు.
— ఒక ఫిజీషియన్, గుంటూరు

చాదస్తమే కొన్నాళ్లపాటు మీతో ఉండనివ్వండి. 2009లో నియమావళికి చేర్చిన సవరణ ప్రకారం కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం డాక్టరు తీసుకోరాదు. 2024 మార్చిలో వచ్చిన ఔషధ మార్కెటింగ్ ఏకరూప నియమావళి కంపెనీల వైపు నుంచి అదే చెబుతుంది: వక్త అయితే తప్ప డాక్టరుకు ప్రయాణ, బస ఏర్పాట్లు చేయకూడదు, విదేశాల్లో సీఎంఈలు పెట్టకూడదు. డాక్టర్లకిచ్చే తాయిలాల ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను మినహాయింపు అడగరాదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

ఇది నియమాల మాట. నా మాట వేరే ఉంది. సాయంత్రం ఏడింటికి మొదలై ఎనిమిదిన్నరకు బఫే దగ్గర తేలే ఉపన్యాసం వల్ల రోగికి ఏమి ఒరుగుతుందో లెక్కలున్నాయి. విద్యా సమావేశాల వల్ల వైద్యుల అలవాట్లలో వచ్చే మార్పు సగటున ఆరేడు శాతమని కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. ఊరికే వినడం కంటే కేసులు ముందు పెట్టుకుని చర్చించడం మేలని నా నమ్మకం. నలుగురు మిత్రులు నెలకోసారి ఎవరో ఒకరి క్లినిక్‌లో కూర్చుని, ఆ నెల పోయిన రోగి కేస్ షీటు ఒకటి, తప్పిన డయాగ్నోసిస్ ఒకటి తెరిచి మాట్లాడుకోండి. దానికి గంటలు రాకపోవచ్చు. గంటలు కావాలంటే మెడికల్ కాలేజీలు, ఐఎంఏ శాఖలు కౌన్సిల్ అనుమతితో పెట్టేవి ఉన్నాయి. ముందుగా అనుమతి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

కోర్టు సంగతి కూడా గుర్తుంచుకోండి. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఏమందంటే, డాక్టరు నిర్లక్ష్యాన్ని ఘటన జరిగిన నాటికి అందుబాటులో ఉన్న విజ్ఞానంతో కొలవాలి. మీరు చదివిన నాటిది కాదు.

నేను విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్‌ని). ట్రైనింగులన్నీ ఫోన్లోనే. వీడియో ఆడుతుంటే మేం ఆన్‌లైన్ ఎంట్రీలు చేసుకుంటాం, చివర క్లిక్ చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. ఇలా రాస్తే నా ఉద్యోగానికేమైనా అవుతుందా?
— చిలకలూరిపేట మండలం

పేరు వేయడం లేదు, భయపడకండి. మీరొక్కరే కాదమ్మా, డాక్టర్లూ అంతే. ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి 2023 ఏప్రిల్‌లో మీ దగ్గర లింగంగుంట్లలోనే లాంఛనంగా మొదలైంది. ఆ పద్ధతిలో డాక్టరు ఊరికి వచ్చిన రోజే మీకు అసలు క్లాసు. ఒక్క రోగిని ఎంచుకుని "సార్, ఈమెకు ఈ మాత్ర ఎందుకు మార్చారు?" అని అడగండి. ఏడాదికి ఎన్ని నేర్చుకుంటారో చూడండి. ఫోన్లో వచ్చేవాటిలో పాముకాటు, గర్భిణుల రక్తపోటు వంటివి మాత్రం పని ఆపి వినండి.

మా ఐఎంఏ శాఖ తరఫున ఈ ఏడాది సీఎంఈ బాధ్యత నాకు ఇచ్చారు. ఏ విషయాలు పెట్టమంటారు?
— ఒక యువ డాక్టరు, పల్నాడు జిల్లా

హైదరాబాదు నుంచి వక్తను పిలిచే ముందు మీ ఏరియా ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టరు తెప్పించుకుని, గత ఏడాది ఏ కేసులు వచ్చాయో, ఏవి పోయాయో చూడండి. విషయాలు అందులోనే దొరుకుతాయి.

నా ఊహ చెబుతాను. మొదటిది పురుగుమందు. రెండోది పాముకాటు. దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతో పోతున్నారని అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. రక్తపింజరి కాటు తెలుసుకోవడానికి 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష చాలు: రెండు మిల్లీలీటర్ల రక్తం, కొత్త, పొడి గాజు గొట్టం, కదపకుండా 20 నిమిషాలు. సబ్బుతో కడిగిన గొట్టమో, ప్లాస్టిక్ గొట్టమో వాడితే పరీక్ష తప్పు చెబుతుంది. దీన్ని స్లైడు మీద చూపించొద్దు, టేబుల్ మీద గొట్టం పెట్టి చేయించండి. మూడోది జ్వరాలు. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గరి తురకపాలెం మరణాలతో మెలియాయిడోసిస్ అనే జబ్బు పేరు వార్తల్లోకెక్కింది. ఎన్నడూ వినని జబ్బు మన ఊరికి వచ్చినప్పుడు రక్తం కల్చర్‌కు ఎప్పుడు పంపాలన్నది ప్రతి క్లినిక్ డాక్టరుకూ తెలియాలి.

ఇంకొకటి, ఎవరూ పెట్టనిది: "ఏం పని చేస్తారు?" అన్న ప్రశ్న. రోగిని ఇది తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జిని 1700లోనే రాశాడు. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు, ఒంగోలు వైపు తడి పొగాకు తెంపి వాంతులతో వచ్చే కూలీలు, వీటి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా దొరకడం కూడా కష్టం. పొగాకు కేసును గ్యాస్ట్రిక్ అని పంపేయడం తేలిక.

గుంటూరు మెడికల్ కాలేజీ పెట్టింది 1946లో. అమెరికాలో స్థిరపడిన అక్కడి పూర్వ విద్యార్థులు జింకానా పేరుతో జీజీహెచ్‌కు భవనాలు కట్టించి ఇస్తున్నారు. వాళ్లను ఇటుకలతోపాటు సమయం కూడా అడగండి: నెలకో గంట వీడియోలో, మన కేస్ షీటు మీద, మన దగ్గరున్న మందులతో ఏం చేయొచ్చో చెప్పమనండి. మన దగ్గర లేని యంత్రం గురించి చెప్పొద్దని ముందే మనవి చేయండి.

పత్తికి ఆగస్టు నుంచి మందు కొట్టడం ముమ్మరమవుతుంది, మిరపకు అక్టోబరు నుంచి. వానలతో పాములు బయటికొస్తాయి. కాబట్టి మీ సమావేశం జూలై లోపే పెట్టండి. క్యాజువాలిటీ నర్సులను, 108 సిబ్బందిని, ఫార్మసిస్టులను కూడా పిలిచి, వెనక వరసలో కాకుండా డాక్టర్ల పక్కనే కూర్చోబెట్టండి.